వ్యాపారం ఎందుకోసం, ఏ మాట మీద: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న వ్యాపారులకు లెక్కలు రాసి, పన్ను రిటర్నులు వేయడం నా పని. గుంటూరు పట్నంబజారు నుంచి ఆటోనగర్ దాకా రకరకాల వాళ్ల ఖాతా పుస్తకాలు ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్నాను. లెక్క తేలాక టీ తాగుతూ చాలామంది ఒకటే అడుగుతారు: "ఇంత కష్టపడుతున్నాం, ఇదంతా ఎందుకోసమండీ?" అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటే ఇలా ఒకచోట రాసిపెట్టాను. ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పర్పస్, కోర్ వాల్యూస్ అంటున్నారు. మామూలు మాటల్లో అవేంటండీ?

రేపటి నుంచి మీరు షట్టర్ తెరవకపోతే, మీ ఇంటి ఆదాయం సంగతి అలా ఉంచి, ఇంకెవరికి ఏం లోటు వస్తుంది? దానికి వచ్చే జవాబే మీ వ్యాపారం ఉద్దేశం. విలువ అంటే డబ్బు పోతున్నా మీరు దాటని గీత. మన పెద్దవాళ్లు దీన్నే మాట మీద నిలబడటం అన్నారు.

గుంటూరులో ఒక కారం మిల్లు ఆయన ఇంటివాళ్లు తెచ్చిన కాయను వాళ్ల కళ్లముందే ఆడిస్తాడు. ముందువాళ్ల కారం మిషన్‌లో మిగిలితే ఊడ్చి తీశాకే తర్వాతి వాళ్ల కాయ పోస్తాడు. దానివల్ల రోజుకు ఆడే కాయ తగ్గుతుంది. తెలిసే ఒప్పుకున్నాడు. అది ఆయన విలువ. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునే ఇంటికి "ఇది మా కాయే" అన్న భరోసా ఇవ్వడం ఆయన ఉద్దేశం.

నాది చిన్న కిరాణా కొట్టు. ఇవి పెద్ద కంపెనీల వ్యవహారం కదా?

పెద్ద కంపెనీలో యజమాని మనసులో ఏముందో వెయ్యిమందికి తెలియాలి కాబట్టి కాగితం మీద పెడతారు. మీ కొట్లో గల్లాపెట్టె దగ్గర మీరే ఉంటారు కాబట్టి రాయకుండానే నడుస్తోంది. మీరు ఊరెళ్లిన నాలుగు రోజులు బావమరిదో, పని కుర్రాడో కూర్చుంటే కొట్టు అదే తీరుగా నడుస్తుందా? నడవడం లేదంటే మీ తలలో ఉన్న నియమాలు ఇంకా ఎవరికీ చెప్పలేదన్నమాట.

వ్యాపారం డబ్బు కోసమే కదా. ఇంకో ఉద్దేశం ఉందని చెప్పుకోవడం నటన కాదా?

డబ్బు కోసం చేయడంలో తప్పేమీ లేదు. లాభం లేని కొట్టు మూతపడుతుంది, అప్పుడు ఎవరికీ పనికిరాదు. కానీ డబ్బు పది దారుల్లో వస్తుంది. ఈ పనే ఎందుకు, ఈ పద్ధతిలోనే ఎందుకు అన్నదానికి జవాబు డబ్బులో దొరకదు.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. నొప్పికి రాసుకునే మందు అమ్మి బాగానే సంపాదించారు. ఆ వ్యాపారం అండతోనే 1908లో ఆంధ్రపత్రిక, తర్వాత భారతి మాసపత్రిక పెట్టి నడిపారు. లాభం ఆయనకు చేదు కాలేదు, అది ఎటు వెళ్లాలో ఆయనకు తెలుసు.

ఇంకో సంగతి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2019లో దాన్ని యూనియన్ బ్యాంకులో కలుపుతామని ప్రకటించినప్పుడు నా దగ్గరికి వచ్చే వ్యాపారులు కొందరు ఇంట్లో మనిషి దూరమైనట్టు మాట్లాడారు. వడ్డీ రేటు చూసుకుని వెళ్లిన చోటు గురించి ఎవరూ అలా బాధపడరు.

దసరాకు అన్నదానానికి ఇస్తాను, గుడికి చందా ఇస్తాను. అది చాలదా?

మంచిపని, మానకండి. అయితే అది లాభం చేతికొచ్చాక చేసేది. ఉద్దేశం అన్నది లాభం ఎలా వస్తోందో అక్కడ కనపడాలి. కాటాలో 50 గ్రాములు తగ్గించి, ఆ మిగులులోంచి కొండ మీద అన్నదానానికి ఇచ్చినా తగ్గించింది తగ్గించినట్టే ఉంటుంది.

కొంతమంది సామాజిక బాధ్యత ఖర్చు మనకూ తప్పనిసరేమోనని టెన్షన్ పడుతుంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీలకే, లాభంలో 2 శాతం అందుకు ఖర్చు పెట్టాలన్న నిబంధన. మీ కిరాణా కొట్టుకు వర్తించదు.

మా నాన్న కొట్టు. ఆయన పోయాక నేను కూర్చున్నాను. నాకు ఉద్దేశం అంటూ ఏముంటుంది?

కొట్టు అమ్మేయమని మిమ్మల్ని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. వాళ్లకు ఏం చెప్పి పంపారో గుర్తు తెచ్చుకోండి. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల వ్యాపారి ఒకాయన నాతో అన్నాడు: "మా దగ్గర సరుకెత్తే పల్లెటూరి షాపులవాళ్లు పంట చేతికొచ్చాకే కడతారండీ. కొత్తగా కొన్నాయన అంతకాలం ఆగడు." తనకు ఉద్దేశమే లేదనుకున్న మనిషి ఆ ఒక్క మాటలో దాన్ని చెప్పేశాడు.

## వెతుక్కునేటప్పుడు

ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? కూర్చుని ఆలోచిస్తే ఏమీ తట్టడం లేదు.

పుస్తకం తీయండి. గత మూడేళ్ల ఖాతాలు ముందు పెట్టుకుని, తెలిసి తెలిసి నష్టపోయిన చోట్లు గుర్తుపెట్టండి. మంచి మాటలు ఎవరైనా ఎన్నైనా చెబుతారు. సొంత డబ్బు ఎక్కడ వదులుకున్నారన్నది మాత్రం పుస్తకం దాచదు. నేను అందరికీ చెప్పే పద్ధతి ఇదొక్కటే, ఇన్నేళ్లలో ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు.

మారుమాట లేకుండా వాపసు తీసుకున్న సరుకు, రాదని తెలిసీ ఇచ్చిన అరువు, తక్కువకు ఇస్తామని వేరేవాళ్లు వచ్చినా మార్చని సరఫరాదారు, పని తగ్గిన నెలల్లోనూ తీసేయని మనిషి. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. వద్దన్న ఆర్డర్లు, మధ్యలో లేచి వచ్చేసిన బేరాలు పుస్తకంలో ఉండవు, వాటిని గుర్తుచేసుకుని పక్కన రాయండి. ఒక్కోదాని ఎదురుగా "ఎందుకు చేశాను" అని ఒక వాక్యం. ఇరవై వాక్యాలు అయ్యేసరికి రెండు మూడు కారణాలే తిరిగి తిరిగి వస్తాయి.

ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ పని చేసే మేస్త్రీ ఒకాయన "నాకేం విలువలున్నాయి సార్, చేతికి గ్రీజు తప్ప" అన్నాడు. బిల్లులు తిరగేస్తే ఒకే ఏడాదిలో ముగ్గురు పెద్ద లారీ ఓనర్లు ఆయన్ని వదిలి వెళ్లినట్టు తేలింది. ఏమైందని అడిగాను. పార్టు మార్చక్కర్లేదని ఈయన తేల్చి చెప్పడంతో డ్రైవర్లకు పార్టుల షాపు నుంచి వచ్చే కమీషన్ ఆగింది. వాళ్లు ఓనర్లకు వేరే షెడ్డు చూపించారు. మార్చిన పాత పార్టును గుడ్డలో చుట్టి ఓనరు చేతికే ఇవ్వడం ఈయనకు మొదటినుంచీ అలవాటు. ఆ సాయంత్రం ఒక కాగితం మీద "పాడైనదే మారుస్తాం, మార్చినది చూపిస్తాం" అని రాశాం. ఆయన కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. ఏళ్ల తరబడి సొంత డబ్బు పోగొట్టుకుని కాపాడుకున్నదానికి ఆ రోజు పేరు దొరికింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఆయన ముఖం చూడాల్సింది.

ఒక జాగ్రత్త. నష్టం వచ్చిన ప్రతిచోటా విలువ ఉండదు. మొహమాటపడి ఇచ్చిన అరువు, తెలియక మోసపోయిన సరుకు ఈ లెక్కలోకి రావు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అలాగే చేస్తారా? చేస్తాననిపిస్తే ఉంచండి, లేకపోతే కొట్టేయండి.

నాది కొత్త వ్యాపారం. తిరగేయడానికి పాత పుస్తకాలే లేవు. మరి నేను?

ఇంతకుముందు చేసిన ఉద్యోగంలో మీకు నిద్ర పట్టనివ్వని సంగతి ఏది? బెంజ్ సర్కిల్ దగ్గర టిఫిన్ సెంటర్ పెట్టిన ఒకావిడ అంతకుముందు ఒక హోటల్లో పనిచేసింది. నల్లబడ్డ నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించడం చూసి భరించలేక మానేసింది. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. ఆవిడ గీత అంతకంటే ముందే గీసుకుంది: పొద్దున మూకుట్లో మిగిలిన నూనె సాయంత్రం బజ్జీలకు వాడదు. పుస్తకంలో మొదటి ఎంట్రీ పడకముందే ఆవిడకు ఒక విలువ ఉంది, దానికి ఒక ఉద్యోగాన్ని వదులుకుంది కూడా.

కస్టమర్లను అడిగితే చెబుతారా?

"మా కొట్టు ఎలా ఉందండీ?" అంటే "బాగుందండీ" అంటారు, అంతకుమించి రాదు. "మేం లేకపోతే ఎక్కడికి వెళ్లేవారు? అక్కడ మీకు ఏం నచ్చదు?" అని అడిగి చూడండి. అయిదుగురిని అడిగితే చాలు. అందులో ఒకరు మీ దగ్గరకు రావడం మానేసినవాళ్లు అయితే ఇంకా మంచిది.

నిజాయితీ, నాణ్యత, సేవ అని రాసేస్తే సరిపోదా?

సరిపోదు. ఈ పాఠం మన తెలుగువాళ్లకు చాలా దగ్గరగా జరిగింది. హైదరాబాద్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరే సత్యం. 2008లో మంచి పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు తానే లేఖ రాసి, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నారు. లెక్కలు రాసేవాడిగా ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

రాసిన మాటకు ఇలా పరీక్ష పెట్టండి: దానికి వ్యతిరేకం ఎవరైనా ధైర్యంగా చేస్తారా? "మేం నిజాయితీగా ఉండం" అని ఎవరూ బోర్డు పెట్టరు. అందుకే "నిజాయితీ" అన్న ఒక్క మాట మీ గురించి ఏమీ చెప్పదు. "పండగ వారంలో రేటు పెంచం" అన్న మాట చెబుతుంది, ఎందుకంటే పండక్కి రేటు పెంచి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నేరమూ కాదు.

ఎన్ని విలువలు ఉండాలి?

మూడు. నాలుగైనా పర్వాలేదు. చీటీ చూసుకోకుండా గుర్తుండాలి.

ఇద్దరు భాగస్వాములం. దీని దగ్గర మాకు కుదరడం లేదు.

మాటల మీద వాదించుకోకండి, సందర్భాలు పెట్టుకోండి. దగ్గరి బంధువు పెద్ద మొత్తం అరువు అడిగితే? తప్పు సరుకు వెళ్లిపోయిందని మనకు మాత్రమే తెలిస్తే? బాగా లాభం వచ్చిన ఏడాది ఇంటికి ఎంత, కొట్టుకు ఎంత? ఇద్దరూ విడివిడిగా జవాబులు రాసి, అప్పుడు కలిపి చదవండి. మీరు ఎక్కడ కలవరో ఒక్క గంటలో తెలిసిపోతుంది.

తేలినవాటిని భాగస్వామ్య పత్రంలో రెండు పేరాలుగా పెట్టించండి. పత్రంలో ఏమీ రాసుకోకపోతే లాభనష్టాలు సమానమని 1932 చట్టం చెబుతుంది, అంతవరకు మేలు. అరువు ఎవరికివ్వాలో, ఎవరి తమ్ముణ్ని పనిలో పెట్టుకోవాలో అది చెప్పదు. నేను చూసినంతలో భాగస్వాములు విడిపోయింది ఎక్కువగా అలాంటివాటి దగ్గరే.

## కాగితం మీద పెట్టేటప్పుడు

ఇంగ్లీషులో రాస్తే హుందాగా ఉంటుంది కదా?

ఎవరు పాటించాలో వాళ్ల భాషలో రాయండి. గుంటూరులో కారం యూనిట్ నడిపే ఒకాయన "క్వాలిటీ ఫస్ట్" అని రాయించాడు. కాయ ఏరే ఆడవాళ్లకు దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. దాన్నే ఇలా మార్చాం: "తాలు కాయ ఆడించం. రంగు కలపం. తేమ కాయ దించుకోం." ఇప్పుడు టిక్కీ (మిర్చి బస్తా) విప్పే హమాలీకి కూడా ఎక్కడ ఆగాలో తెలుసు. తడి ఆరని కాయకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది మిల్లు పట్టినా పోదు.

"రంగు కలపం" అన్న మాట బరువెంతో 2005లో బ్రిటన్ చూసింది. మన దేశం నుంచి వెళ్లిన కారంలో, తిండిలో వాడకూడని సూడాన్ అనే రంగు ఉందని తేలి, ఆ కారం పడిన 400కు పైగా ఆహార ఉత్పత్తులను షాపుల నుంచి వెనక్కి తీశారు. ఎక్కడో ఒకరు కలిపిన రంగుకు మిర్చి పండించే రైతులందరి పేరూ దెబ్బతింది. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో బతికేవాళ్లం, ఈ సంగతి మనం మరిచిపోకూడదు.

కంపెనీ రిజిస్టర్ చేయించేటప్పుడు ఇచ్చే మెమోరాండం పత్రంలో ఆడిటర్ ఉద్దేశాలు రాశారు. అదే పర్పస్ కాదా?

కాదు. రేపు మీరు ఏ వ్యాపారం చేసినా చట్టపరంగా చిక్కు రాకుండా వీలైనంత వెడల్పుగా రాసే భాగం అది. నేనూ అలాగే రాయిస్తాను. మీ ఉద్దేశం దానికి తలకిందులు, అది ఇరుకుగా ఉండాలి: ఎవరికి, ఏ అవసరానికి, ఏ పద్ధతిలో.

గోడ మీద పెట్టాలా?

ఆరు నెలలు పాటించాక పెట్టండి.

## రోజూ నడపడంలో

పనివాళ్లకు ఎలా ఎక్కించాలి?

వాళ్లు మీ మాటలు వినేదానికంటే మీరు పెట్టే ఖర్చు ఎక్కువ చూస్తారు. బీసెంట్ రోడ్డులో చీరల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు రోజుకు పది గంటలు నిలబడతారు. "మా సిబ్బందే మా కుటుంబం" అని బోర్డు పెట్టి, కూర్చోవడానికి స్టూలు వేయకపోతే ఆ బోర్డును ఎవరు నమ్ముతారు? దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మనకు ఎవరో చెప్పేదాకా ఆగనక్కర్లేదు. నాలుగు స్టూళ్లకు ఎంతవుతుంది?

ఇంకొకటి. మీ విలువ కోసం బేరం వదులుకున్న కుర్రాణ్ని ఆ రోజు తిట్టకండి. "పార్టు మార్చక్కర్లేదని చెప్పి పంపించేశానన్నా" అని వాడు వచ్చి చెప్పినప్పుడు మీ ముఖం ఎలా మారిందో షెడ్డంతా చూస్తుంది. ఎన్ని మీటింగులు పెట్టినా ఆ ఒక్క క్షణం ముందు నిలవవు.

పక్క షాపువాడు బిల్లు లేకుండా అమ్ముతున్నాడు. నేను పద్ధతిగా ఉంటే నష్టపోనా?

కొంత నష్టపోతారు. పోరని చెబితే నేను అబద్ధం ఆడినట్టే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన కొత్తలో నా దగ్గర బాగా ఫీజు కట్టే ఒక క్లయింటు, సరుకు రాకుండానే కొన్నట్టు దొంగ బిల్లులు పెట్టి క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును, కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుందామన్నారు. కుదరదన్నాను. ఆయనతోపాటు ఆయన చుట్టాలవి ఇంకో నాలుగు ఖాతాలు పోయాయి. ఆ ఏడాది మా పాప ఫీజుకు చేబదులు తీసుకున్నాను. పోయిన ఖాతాలు తిరిగి రాలేదు.

అయినా మీకు చెప్పదగిన లెక్క ఒకటి ఉంది. బిల్లు లేని అమ్మకం బ్యాంకు కంటికి కనపడదు, కాబట్టి రేపు అప్పు కావాలన్నప్పుడు మీ అసలు వ్యాపారం ఎంతో చూపించలేరు. ఆ తేడా నెలవారీ లాభంలో తెలియదు, గోడౌను కట్టాలనుకున్న రోజు తెలుస్తుంది.

సకాలంలో చెల్లించడం విలువగా పెట్టుకోవాలని ఉంది. నాకే బాకీలు వసూలు కావడం లేదు, ఎలా?

ముందు చిన్నవాళ్లకు చెల్లించండి. బాక్సులు చేసిచ్చేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, ఆటో ట్రాలీ కుర్రాడు. వాళ్ల దగ్గర నెలరోజులు ఆగే పెట్టుబడి ఉండదు. చట్టం కూడా ఈ వైపే ఉంది. సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారులకు, సేవలు అందించేవాళ్లకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఆ గడువు దాటి, ఏడాది చివరికి బాకీగా మిగిలితే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయంలోంచి తీసేయనివ్వరు. 2023-24 నుంచి ఆదాయపు పన్నులో ఇది అమల్లో ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్నా, కేవలం కొని అమ్మేవాళ్లకు ఈ రక్షణ వర్తించదు.

"అందరికీ వెంటనే" అని రాసుకుని తప్పేకంటే, "చేతిపని వాళ్లకు శనివారం బాకీ ఉంచం" అని రాసుకుని నిలబెట్టుకోవడం మేలు.

రెండు విలువలు ఒకదానికొకటి అడ్డొస్తే?

తప్పకుండా వస్తాయి. పాత కస్టమరుకు కష్టంలో అరువివ్వాలని ఒకటి, సరఫరాదారుకు గడువులో కట్టాలని ఒకటి. రెండింటికీ సరిపడా డబ్బు లేదు. నా సలహా, మీరు ముందు ఎవరికి మాట ఇచ్చారో వాళ్లది ముందు. సరఫరాదారుకు తేదీ చెప్పి ఉన్నారు, కస్టమరుకు ఇంకా ఏమీ చెప్పలేదు. విలువలను వరుసలో రాసుకుంటే, పైనున్నది ముందు అన్న నియమం పెట్టుకోవచ్చు.

## కష్టకాలంలో, చేతులు మారేటప్పుడు

వరదలాంటిది వస్తే ఇవన్నీ పట్టుకుని కూర్చోగలమా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం. అటక మీద మిగిలిన పాలపొడి, బిస్కెట్లు ఉన్న రేటుకే ఇచ్చినవాళ్లూ ఉన్నారు, నీళ్ల సీసాకు రెట్టింపు అడిగినవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసిన కొట్టాయన డబ్బులు లేనివాళ్లకు రాసుకోకుండానే ఇచ్చాడు. తర్వాత కొందరు తెచ్చి కట్టారు, కొందరు కట్టలేదు. కట్టనిది ఖర్చుల్లో రాశాం.

ఆయన అలా ఇవ్వగలిగింది ఎందుకంటే, సరుకుకు వరద నష్టం వర్తించే ఇన్సూరెన్స్ ముందే తీసుకున్నాడు. 5 కోట్ల రూపాయల వరకు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. గుండె ధైర్యం ఒక్కటే అన్నిసార్లూ సరిపోదు. విలువ నిలబడాలంటే కింద కొంత డబ్బు మెత్త ఉండాలి, దాన్ని మామూలు రోజుల్లోనే వేసుకోవాలి.

ఒకసారి గీత దాటాను. ఇక విలువలు చెప్పుకునే హక్కు నాకుందా?

ఉంది. సరుకు ఎవరెవరికి వెళ్లిందో జాబితా తీయండి, వాళ్లు అడగకముందే ఫోన్ చేయండి, డబ్బు తిరిగివ్వండి. ఇంట్లోవాళ్లకు, పనివాళ్లకు కూడా జరిగింది చెప్పండి. దాచిపెడితే రెండోసారి సులువైపోతుంది, నేను భయపడేది దానికే.

మా అబ్బాయి కొట్టు చూసుకుంటానంటున్నాడు. నా విలువలు పాతవంటాడు.

అలవాటేదో, విలువేదో ఇద్దరూ కూర్చుని విడదీయండి. ఎర్రబట్ట చిట్టా అలవాటు. దాని బదులు ఫోన్లో రాసుకున్నా, డబ్బు యూపీఐలో తీసుకున్నా పోయేదేమీ లేదు. కానీ ఆ చిట్టా చూసి "ఈ నెల వీళ్లింట్లో పెళ్లి, అడగొద్దు" అని మీరు ఆగేవారు చూశారా, అది విలువ. యాప్ పదో తేదీకి అందరికీ ఒకే రకం మెసేజి పంపుతుంది. ఎవరికి పంపకూడదో అబ్బాయికి మీరు నేర్పాలి.

వాడు తెచ్చేవాటిలోనూ విలువలు ఉంటాయి. రేటు పైకి కనపడేలా రాయాలనడం, అందరికీ ఒకే రేటనడం అలాంటివే. మొహం చూసి రేటు చెప్పే మన పద్ధతికంటే అది మంచిది, ఒప్పుకోండి.

ఎంతకాలానికోసారి చూసుకోవాలి?

మార్చి 31కి సరుకు లెక్క ఎలాగూ వేస్తారు. ఆ రాత్రి ఇంకో అరగంట ఉండండి. పాత పుస్తకం చివరి పేజీలో రెండు వరుసలు రాయండి: ఈ ఏడాది మాట కోసం వదులుకున్న డబ్బు ఎంత, డబ్బు కోసం వదులుకున్న మాట ఏది. మొదటి వరుస ఖాళీగా ఉంటే, రాసుకున్న విలువలకు ఇంకా పరీక్ష రాలేదేమో, లేక వచ్చినప్పుడు మీరు గమనించలేదేమో చూడండి. రెండో వరుసలో ఏమైనా ఉంటే ఏప్రిల్ మొదటి వారంలో ఆ మనిషికి ఫోన్ చేయండి.